అమరావతి (రాజధాని కాదు, గుడి ఉన్న పాత ఊరు) అసలు ఎవరు పెట్టారు? మొదట వచ్చి ఉన్నవాళ్ళు ఎవరు?

కృష్ణొడ్డు:

అందరికీ నమస్తే అండి. ముందే చెప్పేస్తున్నా, ఇది రాజధాని టాపిక్ కాదు, ఆ గొడవ పెట్టుకోడానికి వేరే చోట్లు బోలెడున్నాయి. నేనడిగేది కృష్ణ ఒడ్డున అమరలింగేశ్వర స్వామి గుడి ఉన్న పాత అమరావతి గురించి.

మొన్న కార్తీకంలో పిల్లల్ని తీసుకుని వెళ్ళాం. స్నానాలు, దర్శనం అయ్యాక గుళ్ళో రాజు గారి విగ్రహం ఉంటుంది కదా, దాని దగ్గర మావాడు ఆగిపోయి ఎవరు నాన్నా ఈయన అన్నాడు (ఐదో క్లాసు, నోరు ఊరుకోదు). వాసిరెడ్డి వెంకటాద్రి నాయుడు గారురా, ఈ ఊరు ఆయనే కట్టించాడు అని కొంచెం గొప్పగానే చెప్పా. వాడు వెంటనే, మరి ఆయన ఊరు కట్టకముందు ఈ గుడికి ఎవరొచ్చేవాళ్ళు అన్నాడు. నేను ప్రసాదం తిను ముందు అన్నా, అంతకంటే ఏం చెప్పను.

ఇంకో సంగతి, మా నాయనమ్మ ఉన్నప్పుడు ఒక మాట అంటుండేది, "మనం ఈ ఊరోళ్ళం కాదురా, రాజుగారు రమ్మంటే వచ్చినోళ్ళం" అని. ఎక్కడ్నుంచి వచ్చాం, ఎందుకు రమ్మన్నాడు అనేది అడగాలని అప్పట్లో తోచలేదు, ఇప్పుడు అడుగుదామంటే ఆవిడ లేదు. నిజంగా అట్లా పిలిచి జనాన్ని తెచ్చి పెట్టారా, ఏ సంవత్సరంలో, అంతకుముందు అక్కడ ఎవరున్నారు? రాజుగారు చెంచుల్ని చంపించాడని చెప్పుకునే ఆ కథ కూడా నిజమో కాదో తెలిసినవాళ్ళు చెప్పండి.

పాతకాగితాలు:

మీ నాయనమ్మ గారిది ఉత్తి మాట కాదండి, కాగితాల్లో ఉన్న సంగతే.

వెంకటాద్రి నాయుడు గారు 1783లో జమీందారీకి వచ్చారు, అప్పటికి వాళ్ళ మకాం చింతపల్లి. 1796 ప్రాంతంలో ఆయనకి చింతపల్లి మీద మనసు విరిగింది, కంపెనీ వాళ్ళతో పొసగకే అంటారు, అమరేశ్వరుడి గుడి దగ్గర కొత్త ఊరు వేసుకుందామని వచ్చేశారు. మరి రాజు ఒక్కడూ మేడ కట్టుకుని కూర్చుంటే అది ఊరవదు కదా, అంగడి కావాలి, మనుషులు కావాలి, అందుకని డబ్బున్న షావుకార్లనీ పేదాసాదా జనాన్నీ వచ్చి ఉండమని పిలిచి, ఇళ్ళు కట్టుకోడానికి చేతి డబ్బు కూడా ఇచ్చారు. ఇది కంపెనీ సర్వే అధికారి కాలిన్ మెకంజీ రాసిన దాంట్లోనే ఉంది, ఆయన 1797లో, అంటే ఊరు ఇంకా లేస్తుండగానే వచ్చి చూసినవాడు. కాబట్టి మీవాళ్ళు ఆ పిలుపుకి వచ్చినవాళ్ళలో ఉండటానికి బాగానే వీలుంది.

ఊళ్ళు పెట్టడం ఆయనకి అలవాటే. తండ్రి జగ్గయ్య పేరు మీద బేతవోలు కాస్తా జగ్గయ్యపేట అయింది, తల్లి అచ్చమ్మ పేరు మీద అచ్చంపేట. అమరావతికి మాత్రం ఇంట్లోవాళ్ళ పేరు తగిలించకుండా స్వామి పేరే ఉంచారు, అది నాకెందుకో నచ్చుతుంది. పేట పెట్టడం అంటే ఉత్త దర్పం అనుకోకండి, వర్తకులు చేరితే సంత జరుగుతుంది, సంత జరిగితే రాబడి ఉంటుంది, కంపెనీకి పేష్కషు (కప్పం) కట్టాల్సిన జమీందారుకి అదే కదా కావాల్సింది. మంగళగిరి గాలిగోపురం కూడా ఈయనదే, 1807 నుంచి 1809 దాకా కట్టారు, 11 అంతస్తులు, 153 అడుగులు. చేబ్రోలు చతుర్ముఖ బ్రహ్మ గుడి కూడా.

ఆయన చుట్టూ ఉన్నవాళ్ళలో పేరు నిలిచింది ములుగు పాపయారాధ్యుల వారిది, దేవీభాగవతం తెలుగులో రాసిన కవి. రాజుగారికి గురువు, ఆస్థానకవి కూడా. మిగతా షావుకార్లు, మేస్త్రీలు, బోయీలు వీళ్ళెవరి పేర్లూ ఇట్లా పుస్తకాలకెక్కలేదు, మామూలే.

చద్దన్నం:

చెంచుల కథ మా అమ్మ చెప్పేది నేను చెప్తా. దోపిడీలు చేస్తున్నారని చెంచులని 600 మందిని రాజుగారు భోజనానికి రమ్మని పిలిచి, వచ్చినాక అందర్నీ నరికించేశాడంట. ఆ రోజు నుంచి ఆయన విస్తరి ముందు కూర్చుంటే అన్నం మెతుకులన్నీ పురుగుల్లాగ కనపడేవంట. ఏ మందులూ పనిచేయక, పాపం పోవాలంటే శివుడి దగ్గరకే పోవాలని అమరావతి చేరి గుళ్ళన్నీ కట్టించాడని. మాకు అన్నం ముద్దలు కలిపి పెడుతూ మరీ చెప్పేది ఈ కథ, సరిగ్గా పురుగుల దగ్గరికొచ్చేసరికి చేతిలో ముద్ద పట్టుకునేది, ఇంక మేం తిన్నట్టే.

అమరావతి పక్కన నరుకుళ్ళపాడు అని ఊరుంది చూడండి, నరికిన చోటు అదే కాబట్టి ఆ పేరు అని మావైపు అందరూ అంటారు.

పాతకాగితాలు:

@చద్దన్నం ఈ కథ ఆ చుట్టుపక్కల వినని ఇల్లుండదు, 600 అనే లెక్క మాత్రం జనం నోటి లెక్కే, దాన్ని పట్టుకుని చరిత్ర అని చెప్పను. అట్లాగని పూర్తిగా కట్టుకథ అని కొట్టిపారేయను కూడా, అప్పటి జమీందార్లు సాధుజీవులేం కాదు. నాకు గుచ్చుకునేది ఏంటంటే, ఇన్ని గుళ్ళు గోపురాలు కట్టించిన మనిషి గురించి జనం తరతరాలుగా చెప్పుకునే కథ గోపురం కథ కాదు, ఆ విస్తరి కథ.

రాళ్ళపిచ్చి:

రాజుగారి గొప్ప అంతా అయిందిగా, ఇప్పుడు ఆ కొత్త ఊరికి రాయి, ఇటుక ఎక్కడ్నుంచి వచ్చాయో ఎవరైనా చెప్తారేమో అని చూస్తున్నా. ఎవరూ చెప్పట్లేదు కాబట్టి నేనే చెప్తా, కొంచెం పెద్దదవుద్ది.

ఊరు కట్టాలంటే సామాను కావాలి. పక్కనే ధరణికోట పాత గోడలు పడున్నాయి. గుడికి కాస్త దూరంలో పెద్ద దిబ్బ ఒకటి, జనం దాన్ని దీపాలదిన్నె అనేవాళ్ళు. అక్కడ తవ్వితే పెద్ద పెద్ద ఇటుకలు, తెల్లటి రాతి పలకలు దొరికాయి, లోపల నిధి ఉంటుందన్న ఆశ కూడా ఉంది. ఇంక తవ్వడమే తవ్వడం. బొమ్మలు చెక్కిన పలకల్ని ఇళ్ళకీ మెట్లకీ వాడేశారు, శివగంగ చెరువు మెట్లకి కూడా అవే. ఈ వింత రాళ్ళ సంగతి చెవిన పడే మెకంజీ 1797లో వచ్చింది. మళ్ళీ 1816లో సర్వేయర్ జనరల్ హోదాలో తన మనుషుల్ని పెట్టుకుని వచ్చి బొమ్మలు గీయించాడు, అప్పటికి దిబ్బ నడిమధ్యన గొయ్యి, దాన్ని చెరువు చేసేశారు. రాజుగారు పోయింది కూడా ఆ 1816లోనే.

ఆ దిబ్బే అమరావతి మహాస్తూపం. అంటే ఊరు నిలబెట్టినాయన, ఆ ఊళ్ళో అన్నిటికంటే పాతదాన్ని తవ్విపోసినాయన ఒక్కరే. నేను ఆయన్ని తిట్టట్లేదు, అప్పటికి అది బౌద్ధులదని అక్కడ ఎవరికీ తెలీదు, మెకంజీ అంతటివాడే జైనులదనుకున్నాడు. ఆ తర్వాత వచ్చిన దొరలు తెలిసి చేసింది ఇంకా ఘోరం. 1877లో సీవెల్ తవ్వాడు, 1880లో గవర్నరు హుకుం మీద దిబ్బ మొత్తం తవ్వించి గొయ్యి చేసి వదిలేశారు, తర్వాత బర్జెస్ వచ్చి మిగిలింది ఏరుకున్నాడు. ఇప్పుడు మనం వెళ్తే కనిపించే ఆ గుండ్రటి అరుగు అంతా అయ్యాక మిగిలింది.

ఇంక మీవాడి ప్రశ్నకొస్తా, ఎందుకంటే ఈ టాపిక్‌లో అసలైన ప్రశ్న వాడిదే. రాజుగారి కంటే ముందు ఎవరున్నారు? ఉన్నారు, పేర్లతో సహా ఉన్నారు, రాతి మీద. ధాన్యకటకం అంటే ఇప్పటి ధరణికోట, అమరావతి కలిపి. స్తూపానికి పలకలు ఏ ఒక్క రాజో ఇచ్చినవి కాదు, ఊళ్ళోవాళ్ళు తలా ఒకటి ఇచ్చుకున్నవి. పల్నాటి సున్నపురాయి, దాని మీద బ్రాహ్మీ అక్షరాలు, ప్రాకృతం మాటలు. ఫలానావాడి దానం అని ఒక వరుస, అంతే. గృహపతులు, వాళ్ళ భార్యలు, భిక్షుణులు, హంఘ అనే సుగంధ ద్రవ్యాల వర్తకుడు.

నాకు అన్నిటికంటే ఇష్టమైనది విధికుడి శాసనం. విధికుడు "చమ్మకార", అంటే తోలు పని చేసుకునే మనిషి. పూర్ణఘటం చెక్కిన పలక ఇచ్చాడు, అదే కలశం నిండి పైనుంచి తామరలు పొంగుతున్నట్టు ఉంటుంది కదా అది. అందులో వాడు తన ఒక్కడి పేరూ వేయించుకోలేదు. ఉపాధ్యాయుడు నాగుడి కొడుకుని అని చెప్పుకుని, అమ్మతో, పెళ్ళాంతో, అన్నదమ్ములతో, కొడుకు నాగుడితో, కూతుళ్ళతో, చుట్టాలతో కలిసి ఇస్తున్నా అని రాయించాడు. తండ్రి నాగుడు, కొడుకు నాగుడు, చూశారా, తాత పేరు మనవడికి! మనిళ్ళల్లో ఇప్పటికీ అదే పని కదా. తోలు పని చేసే ఇంట్లో తండ్రి ఉపాధ్యాయుడు అన్న ముక్క దగ్గర ఒక్క నిమిషం ఆగండి, దాదాపు రెండు వేల ఏళ్ళ నాటి మాట అది. మన పెద్దలు మనకి చెప్పిన ఊరి కథల్లో ఇట్లాంటి మనిషి ఉన్నాడా?

ఇంకో సరదా ముక్క, ఇక్కడి ఒక రాతి మీదే "నాగబు" అనే మాట దొరికింది, మనకి దొరికినంతలో తొలి తెలుగు మాట అదేనని వేటూరి ప్రభాకర శాస్త్రి గారు చెప్పారు.

మధ్యలో కూడా ఊరు పాడుపడలేదండి. 1182లో కోట కేతరాజు వేయించిన శాసనం అమరేశ్వరుడి గుళ్ళో స్తంభం మీదే ఉంది, శివుడి గుళ్ళో ఉంటూ బుద్ధుడికి ఊళ్ళు, దీపాలు ఇచ్చినట్టు చెప్తుంది. ఆ కోట వంశానికే కోడలుగా వచ్చింది కాకతీయ గణపతిదేవుడి కూతురు గణపాంబ. 1344లో సింహళంలో గడలదెనియ అనే చోట వేసిన శాసనం, వాళ్ళ భిక్షువు ఒకాయన ధాన్యకటకంలో ప్రతిమాగృహం బాగు చేయించాడని చెప్తుంది. 1515లో కృష్ణదేవరాయలు వచ్చి స్వామి ముందు తులాపురుష దానం (తన ఎత్తు బంగారం తూచి ఇచ్చేది) చేశాడు. ఇంతమంది వస్తూ పోతూ ఉంటే రాజుగారు ఏదో అడవి కొట్టి ఊరు పెట్టాడన్నట్టు చెప్తారేంటి!

కృష్ణొడ్డు:

@రాళ్ళపిచ్చి అన్నా నువ్వు రాసింది మావాడికి చదివి వినిపించా. విధికుడు చెప్పులు కుట్టేవాడా అన్నాడు. తోలు పని అన్నారు, చెప్పులే అని రాయలేదు అన్నా. మరి ఇంకేం కుడతాడు అన్నాడు. ఏం చెప్పమంటావ్?

రాళ్ళపిచ్చి:

@కృష్ణొడ్డు తిత్తులు, జీనులు, సంచులు, ఎన్ని లేవు. చెప్పులు కూడా కుట్టే ఉంటాడ్లే అని చెప్పు, ఏం పర్లేదు.

కోర్టుమెట్లు:

పాతకాగితాలు గారు రాజుగారు పోయేదాకా చెప్పి ఆపేశారు, తర్వాత కథ మా నల్లకోటు వాళ్ళది. ఆయనకి పిల్లల్లేరు. జగన్నాథ బాబు అని ఒకర్ని దత్తత తీసుకున్నారు, ఆ జగన్నాథ బాబు ఉండగానే రామనాథ బాబు అని ఇంకొకర్ని. 1816లో రాజుగారు కన్నుమూశాక ఇంక చూస్కోండి, ఆస్తి ఎవరిదని మొదలైన వ్యాజ్యం ఇక్కడ తేలక లండన్‌లో ప్రీవీ కౌన్సిల్ (అప్పట్లో మనకి అన్నిటికంటే పై కోర్టు) దాకా పోయింది. 1846 నాటి రంగమ్మ, అచ్చమ్మ కేసు అంటే హిందూ లా చదివిన ప్రతివాడికీ తెలుసు. మొదటి దత్తపుత్రుడు బతికుండగా రెండో దత్తత చెల్లదు అని తేల్చింది అందులోనే. లా కాలేజీలో ఈ కేసు బట్టీ పట్టి పరీక్షలో రాసి వచ్చేశా గానీ అది మనూరి పక్క రాజుగారిదని నాకు ప్రాక్టీసు పెట్టిన ఎన్నో ఏళ్ళకి గానీ తెలీలేదు, పేర్లు ఇంగ్లీషు స్పెల్లింగులో అంత భయంకరంగా ఉంటాయి.

30 ఏళ్ళు కోర్టుల చుట్టూ తిరిగితే ఏ జమీందారీ మిగులుద్ది చెప్పండి. మధ్యలో 1832, 33ల్లో గుంటూరు సీమ అంతా డొక్కల కరువు, జనం డొక్కలెండి రోడ్ల మీదే రాలిపోయారు. రాజుగారు పిలిస్తే వచ్చినవాళ్ళల్లో ఎంతమంది ఆ కరువుకి ఊరొదిలారో.

గోంగూర_బ్యాచ్:

అయితే అమరావతి అంటే మొదట్నుంచీ కోర్టు కేసులేనన్నమాట 😂😂

కృష్ణొడ్డు:

@గోంగూర_బ్యాచ్ నేను మొదటి లైన్లోనే చెప్పా బాబూ 🙏

రాళ్ళపిచ్చి:

@కోర్టుమెట్లు గారు మీ కేసుకీ నా రాళ్ళకీ చుట్టరికం ఉందండోయ్. గుంటూరు జమీందారీలు ఇట్లా కుప్పకూలి శిస్తు రాకుండా పోయేసరికి, ఇక్కడి వ్యవహారం ఏంటో చూసి రమ్మని కంపెనీ 1845లో వాల్టర్ ఇలియట్‌ని పంపించింది. ఆయన లెక్కలు చూడ్డానికి వచ్చి దీపాలదిన్నె తవ్వాడు! దొరికిన పలకలు మద్రాసుకి తోలించాడు, అక్కడ ఆరుబయట ఎండకి ఎండి వానకి తడిసి ఏళ్ళ తరబడి పడున్నాయి. 1859లో 121 పలకలు ఓడెక్కించి లండన్ పంపారు. అక్కడైనా నెత్తిన పెట్టుకున్నారా అంటే బళ్ళు పెట్టే కొట్టంలో పడేస్తే ఫెర్గూసన్ అనే ఆయన కంటపడ్డాయి. ఇప్పుడు బ్రిటిష్ మ్యూజియంలో అద్దాల వెనక ఉన్నాయి, మిగతావి ఎక్కువ భాగం చెన్నై ఎగ్మూరులో. వాసిరెడ్డి వారింటి దత్తత గొడవ లేకపోతే ఇలియట్ వచ్చేవాడా, రాళ్ళు పోయేవా అని నాకు అప్పుడప్పుడు అనిపిస్తుంది, కానీ రాకపోయుంటే మిగతావి కూడా సున్నం బట్టీలకే పోయేవేమో అని కూడా అనిపిస్తుంది.

కృష్ణొడ్డు:

అందరికీ థాంక్స్ అండి, నేను రెండు లైన్లు వస్తాయనుకున్నా. చివరగా ఒకటి, మా ఇంటివాళ్ళు ఎక్కడ్నుంచి వచ్చారో తెలుసుకోడానికి ఏమైనా దారి ఉందా? ఇంటిపేరు చింతపల్లివైపు కూడా వినపడుతుంది, అంతకంటే ఆధారం ఏం లేదు మా దగ్గర.

పాతకాగితాలు:

ఇంటిపేరు ఒక్కదాన్నే పట్టుకుని పోతే ఎక్కడెక్కడికో పోతారు, ఇంటిపేరు గోత్రం రెండూ కలిపి చూసుకోండి. తర్వాత కైఫియతులు చూడండి. మెకంజీ మనుషులు, కావలి వెంకట లక్ష్మయ్య లాంటివాళ్ళ చేతికింద, ఊరూరా తిరిగి కరణాలని అడిగి ఊరి పుట్టుపూర్వోత్తరాలు రాయించారు, ఈ ఊరు ఎవరు కట్టారు, ఏ దేవుడికి ఎంత మాన్యం, కరణీకం ఎవరిది ఇట్లా. గుంటూరు జిల్లావి తెలుగులో అచ్చయ్యాయి, జిల్లా గ్రంథాలయంలో అడగండి. అందులో ఎక్కువగా కరణాలు, పూజార్లు, రెడ్లు, చౌదరుల పేర్లే తగుల్తాయి, మీవాళ్ళు అంగడి పెట్టుకుని వచ్చినవాళ్ళయితే కష్టమే. చింతపల్లిలో మీ ఇంటిపేరు వాళ్ళుంటే ఒకసారి వెళ్ళి అక్కడి పెద్దవాళ్ళతో మాట్లాడండి, అవతలివైపు కూడా "మావాళ్ళు కొందరు రాజుగారితో అమరావతి పోయారు" అనే మాట ఉంటే మీ నాయనమ్మ గారి మాటకి జోడీ దొరికినట్టే.

కృష్ణొడ్డు:

ఇది బాగుంది. వచ్చే ఆదివారం చింతపల్లి వెళ్ళి అటునుంచి అటే అమరావతి మ్యూజియంకి తీసుకెళ్తా, మావాడు విధికుడి పలక చూడాలని ఒకటే గోల.

రాళ్ళపిచ్చి:

ఆ పలకే చూపిస్తానని మాటివ్వకు, పలకలు ఊళ్ళూ దేశాలూ పట్టిపోయాయని ఇప్పుడేగా చెప్పింది. పూర్ణఘటం చెక్కిన రాళ్ళు చూపించు, చాలు. అక్షరాలు వేలితో తడమనివ్వకు, వాచ్‌మన్ అరుస్తాడు. ఆదివారం ఓకే, శుక్రవారం మాత్రం వెళ్ళొద్దు, సెలవు.